ఇసుక మనది, విద్య పరులదా?

భీమునిపట్టణము మొదలుకొని శ్రీకాకుళపు తీరము దనుక సముద్రుడు మన గుమ్మము ముందర తెచ్చి పోయుచున్న ఇసుకలో జిర్కాను, ఇల్మనైటు, రూటైలు, గార్నెటు, సిల్లిమనైటు, మోనజైటు అను ఖనిజములు కలవు. గూడూరు చెంత తెల్లని సిలికా యిసుక కలదు. ద్వారకాతిరుమల పరిసరములందు పింగాణికి పనికివచ్చు మెత్తని బంకమన్ను కలదు. హైదరాబాదు నగరమున ఈ ద్రవ్యములను శోధించు పండితులును, పరిశోధనాలయములును కలవు. ఇన్నియు గలిగియు, జేబులోని టెలిఫోనునందును, మోటారు యంత్రమునందును, వైద్యశాలలో ముదుసలి తుంటికి అమర్చు కీలునందును ఉన్న సిరామిక్కులలో మేలైనవానిని పెక్కింటిని పరదేశములనుండియే తెచ్చుకొనుచున్నాము. గార్నెటును, ఇల్మనైటును దశాబ్దముల తరబడి ముడిసరుకుగనే ఓడల కెక్కించితిమి. మన తీరమున జిర్కాను పడియుండగనే మన పెంకుపలకల కార్ఖానాలకు పరదేశపు జిర్కాను దిగుమతి యగుచున్నది. ఈ దుస్థితి దైవకృతము కాదు. మన చేతులార మనము తెచ్చుకొన్నది. దీనినిగూర్చి ప్రజల న్యాయస్థానమున నేడు వ్యాజ్యము దాఖలు చేయుచున్నాము.

సిరామిక్కులనగా కుండ, పెంకు, పింగాణి గిన్నె యని మనలో పలువురి తలంపు. ఆ తలంపు తప్పు కాదు గాని చాలదు. మూలద్రవ్యమును పొడిచేసి, ఒక రూపమునకు దెచ్చి, నిప్పున గాల్చి గట్టిపఱచు విద్య యెల్ల ఈ కుటుంబములోనిదే. కుమ్మరి సారెకును ఆవమునకును పుట్టిన బిడ్డ యిది. అయితే ఆ బిడ్డ నేడెంత యెదిగినదో చూడుడు. మోటారు యంత్రమున నిప్పురవ్వ పుట్టించు స్పార్కుప్లగ్గునకు వెలుపలి తెల్లని తొడుగు అల్యూమినా. విమానపు టర్బైను రెక్కలు కరగిపోకుండ వాని పైని బూయు పూత యిట్రియా కలిపిన జిర్కోనియా. ఆ పలుచని పూత లోహమునకు దగులు వేడిమిని నూఱు డిగ్రీలకు మించి తగ్గించును. అణువిద్యుత్కేంద్రములందు ఇంధనముగా నిలుచు యురేనియము డైయాక్సైడు బిళ్లలును సిరామిక్కులే. నేటి టెలిఫోను ఒక్కదానియందు వేయికి దరిదాపుగా ఇసుకరేణువులంతటి కెపాసిటరులు కలవు; అందొక్కొక్కటియు బేరియము టైటనేటు అను సిరామిక్కు పొరలను, లోహపు పొరలను వందలకొలది పేర్చి కాల్చినట్టిది. ఇది యింతయు వినోదమునకు జెప్పుట లేదు. ఈ వస్తువులు నిలిచిన దినమున మన బండి నిలుచును, దీపము నిలుచును, దేశరక్షణయు నిలుచును.

ఈ విషయమున మనకు చరిత్ర ఒకసారి గుణపాఠము చెప్పియే యున్నది. నెల్లూరు సీమ అభ్రకము ఒకనాడు లోకమెల్ల వాసిగాంచెను. గూడూరు, రాపూరు, సైదాపురము, కలిచేడు గనులనుండి పలకలు పలకలుగా తీసి, స్త్రీలును బాలురును కూర్చుండి పొరలు విడదీసి, పెట్టెలకెత్తి పంపుచుండిరి. రేడియోలందలి కెపాసిటరులకును, వాల్వులకును అభ్రకము లేనిదే గడవని కాలమది. బీహారు గనులును మన గనులును కలిసి ప్రపంచమునకు పలక యభ్రకమును బాలభాగము సమకూర్చినవి. రెండవ ప్రపంచయుద్ధమున సముద్రమార్గములు ప్రమాదమునకు లోనయ్యెను. అభ్రకము అందదేమో యని భయపడిన దేశములవారు దానికి మాఱుగా వేఱొక వస్తువును వెదకిరి. 1941 మొదలు 1944 వఱకు నడిచిన యా వెదకులాటలో అమెరికా, రష్యా, జపాను దేశములందు వేర్వేఱుగా బేరియము టైటనేటు గుణము బయల్పడెను. విద్యుత్తును నిలువచేయు శక్తిని కొలుచు సంఖ్య అభ్రకమునకు 6, 7 కాగా, ఈ క్రొత్త సిరామిక్కునకు వేయికి మించి నిలిచెను.

పాఠకులు ఈ సంగతిని నిదానముగా విచారింతురుగాక. అభ్రకము మనది, అవసరము వారిది. అవసరము గలవాడు పరిశోధించెను. వస్తువు గలవాడు బేరమాడుచు కూర్చుండెను. పిమ్మట వాల్వుల స్థానమును ట్రాన్సిస్టరు ఆక్రమించెను, అభ్రకపు స్థానమును సిరామిక్కు ఆక్రమించెను. గనులు ఒకటొకటిగా మూతపడెను, పొరలు విడదీసిన చేతులు పని లేక మిగిలెను. గనికి ప్రాణము నేలలో లేదు, దానిని గూర్చిన జ్ఞానములో నున్నది. మన గనిని తవ్వకయే, మన నేలపై నడుగిడకయే, పరుడు తన ప్రయోగశాలలో కూర్చుండి దాని విలువను హరింపగలడు. నెల్లూరు అభ్రకము చెప్పిన యీ పాఠమును విశాఖ, శ్రీకాకుళముల ఇసుక విషయమున మరల చెప్పించుకొనవలయునా?

ప్రతిపక్షులు మొట్టమొదట ఏమందురు? “విద్య యెందులకు? యంత్రములు కొనిన చాలును. కొలిమి తెప్పింతము, పొడి తెప్పింతము, అచ్చు తెప్పింతము, వస్తువు దానంతటదియే వచ్చును” అందురు. ఇనుము, రాగి మొదలగు లోహములయందు ఈ వాదమునకు కొంత తావుండవచ్చును. లోహము వంగును, సాగును, తప్పును కొంత సహించును. సిరామిక్కు సహింపదు. గాజు తీగెలను శోధించి 1920లో ఆంగ్లేయుడగు గ్రిఫిత్ చూపిన సత్యమిది: పెళుసైన వస్తువు యొక్క బలము దాని సగటు గుణమునందు లేదు, దానియందలి మిక్కిలి పెద్ద లోపమునందున్నది. పొడిలో బడిన యొక నలుసు, అచ్చులో మిగిలిన యొక గాలిబుడగ, కాల్పులో తొందరపడిన యొక గడియ, ఇవి కంటికి గనబడవు. కాని బరువు పడిన నాడు వస్తువు అచటనే బీటవాఱును. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అని మన పెద్దలనిన మాటకు ఇంతకన్న శాస్త్రీయమైన వ్యాఖ్య వేఱొకటి లేదు.

దీనికి సాక్ష్యము కావలెనన్న, ఫ్రాన్సు దేశమున జరిగినది చూపుదుము. తుంటికీలున నమర్చు జిర్కోనియా గోళములను అచటి కార్ఖానా యొకటి యేండ్ల తరబడి నిరపాయముగా చేసి పంపుచుండెను. 1998 ప్రాంతమున కాల్పుపద్ధతిలో ఒక మార్పు చేసిరి: ఒక్కొక్క విడతగా కాల్చు కొలిమి బదులు, సరుకు ఒక కొననుండి వేఱొక కొనకు సాగుచు కాలెడు సొరంగపు కొలిమిని పెట్టిరి. పొడి అదియే, ఆకారము అదియే, పరీక్షలును జరుగుచునే యుండెను. అయినను పిదపి కాలమున కొన్ని తరగతుల గోళములు రోగుల దేహములందే పగిలిపోయెను. 2001లో వానిని వెనుకకు పిలువవలసి వచ్చెను. ఎంతో అనుభవము గల దేశమున, ఒక్క కొలిమి మార్పున ఇంత చేటు వాటిల్లినప్పుడు, అనుభవమే లేక యంత్రములు మాత్రము కొని తెచ్చుకొన్న వాని గతి యేమి? యంత్రమునకు వెల యుండును. దానిని నడుపు చేతికి గల తెలివి ఏ సంతలోను దొరకదు. అది తరములుగా, గురుశిష్యులుగా, పదిమంది కూడి తప్పులను విప్పి చెప్పుకొనుటచేత పెరుగును.

ఆ కూడిక మాటయే మా వాదమునకు మూలస్తంభము. సిరామిక్కుల చరిత్రలో ఎల్లెడలను రెండు మార్గములు కానవచ్చును: మరుగుమార్గమొకటి, సభామార్గమొకటి. జర్మనీలో సాక్సనీ ప్రభువగు అగస్టసు, బ్యోట్గరు అను రసవాదిని నిర్బంధమున నుంచి పింగాణి రహస్యమును రాబట్టెను. 1710లో మైసెను దుర్గమున కార్ఖానా పెట్టి, పనివాండ్రను కోటగోడల నడుమ బంధించినట్లే యుంచెను. ఫలితమేమి? పదియేండ్లైన గడువక మునుపే పనివాండ్రు పాఱిపోయి ఆ మర్మమును వియన్నాకు చేర్చిరి. కోటగోడ మనిషిని కొంతకాల మాపగలదు గాని తెలివిని ఆపజాలదు.

రెండవ మార్గమును అమెరికాలో చూడుడు. ఒహాయో రాష్ట్రమున ఇటుకల కొలుములవారును, కుండల కార్ఖానాలవారును తమ తమ పాకములను తండ్రి కొడుకునకు దక్క చెప్పని దినములందు, ఎడ్వర్డు ఆర్టను అను యువకుడు నిలువబడి, ఈ విద్యను విశ్వవిద్యాలయమున నేర్పవలయునని పోరి, 1894లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆ శాఖను నెలకొల్పించెను. 1898లో అమెరికా సిరామిక్ సంఘము పుట్టెను. ప్రతి సంవత్సరమును కూడి, ఎవరి ప్రయోగమును వారు చదివి, ఎదుటివారి ప్రశ్నలకు సమాధానము చెప్పవలయునను మర్యాద యేర్పడెను. కొలిమి వేడిమిని తెలిసికొనుటకు ఒక్కొక్క వేడిమియందు వంగిపోవు చిన్న మట్టి శంకువులను బెర్లినులో సెగెరు చేసెను. వానిని ఆర్టను అమెరికాకు దెచ్చి అందఱకును ఒకే కొలత కల్పించెను. ఒకే కొలత లేనిచో ఒకని యనుభవము వేఱొకనికి అక్కఱకు రాదు. సంఘజీవనమనగా టీపార్టీలును, దండలును కావు. ఒకే కొలబద్ద, బహిరంగమైన లెక్క, నిర్భయమైన ప్రశ్న, ఈ మూడును.

“అటులైన జపానువారు మరుగు పాటింపలేదా?” యని యడుగువారు కలరు. పాటించిరి, తమ కార్ఖానాల కడపటి కిటుకులను వారును దాచుకొందురు. కాని దాచుకొనుటకు మున్ను కలిగియుండవలయు గదా! నగోయా నగరమున 1904లో ఒక పింగాణి సంస్థ పుట్టెను. తెల్లని భోజనపు పళ్లెములు లోపము లేకుండ పూర్తిగా ఒక జత చేయుటకు వారికి పది సంవత్సరములు పట్టెను. 1914 గాని ఆ జత వెలువడలేదు. ఆ కుదురునుండియే 1917లో స్నానగృహముల పింగాణి వస్తువుల శాఖయు, 1919లో విద్యుత్‌స్తంభముల ఇన్సులేటరుల శాఖయు, 1936లో స్పార్కుప్లగ్గుల శాఖయు వేర్వేఱు సంస్థలుగా మొలకెత్తెను. మోటారుల పొగను శుభ్రపఱచు తేనెపట్టు సిరామిక్కులను పిమ్మట అచటివారును లోకమున కందించిరి. పళ్లెమునుండి ప్లగ్గు వఱకు నడచిన యీ నడకలో ఒక్క మెట్టును వారు దాటవేయలేదు. 1930లో టోక్యోలో కటో, టకేయి అను పండితులు ఫెరైటు అను అయస్కాంత సిరామిక్కును కనుగొనగా, 1935లో దానిని తయారుచేయుటకే ఒక సంస్థ వెలసెను. ప్రయోగశాలకును కార్ఖానాకును నడుమ అయిదేండ్లు! మన దేశమున ఆ నడిమి దూరము ఎన్ని యైదేండ్లో పాఠకులే ఊహించుకొందురుగాక.

మన మాలస్యముగా మేలుకొంటిమా? అదియును కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1924లోనే సిరామిక్కు విద్యకు శాఖ యేర్పడెను. 1928లోనే భారత సిరామిక్ సంఘము పుట్టెను. 1942 నుండి దాని పత్రిక వెలువడెను. కలకత్తాలో గాజు, సిరామిక్కుల కేంద్రపరిశోధనాలయము 1950లో ప్రారంభోత్సవము జరుపుకొనెను. 1987లో అధివాహకతగల క్రొత్త సిరామిక్కులు లోకమును కలతపెట్టినప్పుడు, జ్యూరిక్కున బెడ్నార్జు, ముల్లరులు వెలువరించిన మార్గమును చదివి, కొలది మాసములలోనే బెంగుళూరు విజ్ఞానమందిరమున సి. ఎన్. ఆర్. రావుగారి బృందము ముందువరుసలో నిలిచి పనిచేసెను. అనగా, జ్ఞానము బహిరంగమైనచోట మన పండితుడు ఎవరికిని తీసిపోడు. ఇది ఋజువైన విషయము. మన సంఘము వయస్సున పెద్దది. మన పరిశ్రమ యెదుగుదలలో పిన్నది. లోపము బుద్ధియందు లేదు. బుద్ధికిని కొలిమికిని నడుమనున్న దారియందున్నది.

ఆ దారి వేయనిచోట వెనుకబడితిమి, వేసినచోట గెలిచితిమి. హైదరాబాదున 1971లో నెలకొన్న న్యూక్లియరు ఫ్యూయలు కాంప్లెక్సును చూడుడు. యురేనియము డైయాక్సైడు పొడిని బిళ్లలుగ నొత్తి, హైడ్రోజను వాయువునందు 1700 డిగ్రీల సెంటిగ్రేడునకు దరిదాపు వేడిమిలో కాల్చి, కొలతకు వెండ్రుకవాసి తప్పకుండ అరగదీయు విద్య అచట మనవారి చేతిలోనున్నది. ఆ బిళ్లలను నింపు గొట్టములకు వలయు జిర్కోనియమును జిర్కాను ఇసుకనుండి తీయుటయు, గొట్టము చేయుటయు ఆ ప్రాకారములోనే జరుగుచు వచ్చినది. ఇది యెట్లు సాధ్యమయ్యెను? 1974 తరువాత పరదేశములవారు మనకు ఆ సరుకు అమ్మనొల్లరైరి. అమ్మువాడు లేకపోయినప్పుడు మనము నేర్చితిమి! అమ్మువాడున్న ప్రతి చోటను సోమరులమైతిమి. ఈ తారతమ్యము కంటె మన జాతికి సిగ్గు కలిగింపదగినది వేఱొకటి కలదా? పరుని తిరస్కారము మనకు గురువైనది; స్వాభిమానము గురువు కాకపోయినది.

ఇసుక గల దేశము పరిశోధన చేసినంత మాత్రమున చాలునా యన్న, చాలదని ఆస్ట్రేలియా చెప్పుచున్నది. ఆ దేశమునందును జిర్కాను ఇసుక సమృద్ధిగా గలదు. 1975లో గార్వీ, హానింకు, పాస్కో అను మువ్వురు అచటి ప్రభుత్వ పరిశోధనాలయమునుండి ఒక అద్భుతమును ప్రకటించిరి. జిర్కోనియా స్ఫటికము మిక్కిలి వేడిమియందు ఒక రూపమున నుండును, చల్లాఱినప్పుడు వేఱొక రూపము దాల్చి సుమారు నూటికి నాలుగు వంతులు ఉబ్బును. తగిన ద్రవ్యము కలిపి ఆ వేడి రూపమునే చల్లనివేళ కూడ నిలుపగలిగినచో, బీట ప్రాకివచ్చిన తావున స్ఫటికములు తటాలున రూపు మార్చి ఉబ్బి, బీటను నొక్కి పట్టును. పెళుసువస్తువునకు తన గాయమును తానే అదుముకొను శక్తి వచ్చెను! దానిని సిరామిక్కు ఉక్కు అనవచ్చునా యని ఆ పండితులు తమ వ్యాసమున కే నామకరణము చేసిరి. అయినను నేడు ఆ వస్తువుతో చేసిన కత్తులకును, శ్రేష్ఠమైన పొడికిని పేరుగాంచినది జపాను. పుట్టినిల్లు ఒకటి, మెట్టినిల్లు వేఱొకటి! శాస్త్రమును కని, పెంచుటకు కార్ఖానా లేకున్నచో బిడ్డ పొరుగింటి పాలగును.

“మాకు వ్యాపారమున్నది, ధనమున్నది, ఎవరో ఒకరు అమ్ముదురు” అనువారికి 2025వ సంవత్సరము సమాధానము చెప్పియున్నది. ఆ యేడు ఏప్రిలు నెలలో చైనా ప్రభుత్వము ఏడు అరుదైన ధాతువుల యెగుమతికి అనుమతిపత్రముల కట్టడి విధించెను. ఆ యేడింటిలో యిట్రియము ఒకటి. జిర్కోనియాకు బలమిచ్చునది ఆ యిట్రియమే. టర్బైను పూతకు ప్రాణమును అదియే. మన తీరపు మోనజైటులో తేలిక జాతి ధాతువులు మెండు, యిట్రియము కొంచెము. కాబట్టి ఇసుకరాసిని చూచి మీసము దువ్వుకొనుటకు వీలు లేదు. ఒక దేశపు దివాణములో ఒక కాగితముమీద పడిన సంతకము వేఱొక దేశపు కొలుములను చల్లార్పగలదని తేలిపోయినది. ఇట్టివేళ యిట్రియమును పొదుపుచేయు మార్గము, వాడిన వస్తువునుండి మరల రాబట్టు మార్గము, దానికి మాఱు వెదకు మార్గము మన ప్రయోగశాలలందు పుట్టవలయును. అభ్రకము విషయమున పరులు చేసిన పనిని మన మిపుడు చేయవలసిన వంతు వచ్చినది.

మన పాలకులు చేసిన దేమి? 2018లో తీరపు ఖనిజముల యెగుమతిని ప్రభుత్వసంస్థ యొక్కదాని ద్వారమునకే పరిమితము చేసిరి. దోపిడి నరికట్టుటకు అది వలసినదే కావచ్చును. కాని తలుపు మూసినంత మాత్రమున ఇంటిలో పొయ్యి వెలుగదు. దేశపు మొత్తపు రాబడిలో పరిశోధనకు వ్యయమైనది 2020-21లో నూటికి 0.64 వంతు. జపానులో ఇది నూటికి మూడు వంతులకు మించినది. కొరియాలో అయిదింటికి చేరువైనది. “బీదదేశమునకు పరిశోధన విలాసము” అని చెప్పు పెద్దలు కొందఱు కలరు. ముడిసరుకు అమ్మి, పక్వమైన సరుకు కొనుటకంటె ఖరీదైన విలాసము మాకు కనబడలేదు. బీదవాడు విత్తనములు దంచుకొని తిన్నచో మఱుసటి యేడు మఱింత బీదవాడగును.

పరిశోధకులకును మా విన్నపము కలదు. వారిని పొగడి ఊరకుండుట స్నేహము కాదు. హైదరాబాదు బాలాపురమున 1997 నుండి స్వతంత్రసంస్థగా నడుచుచున్న పరిశోధనాకేంద్రమున తేనెపట్టు సిరామిక్కులును, గాజువలె వెలుతురు చొచ్చు స్పినెలు పలకలును చేయు నేర్పు గలదు. ఇట్టి విజయములను మన పట్టణముల పఠనమందిరములలో ఎందఱు విన్నారు? వ్యాసము ఆంగ్లమున వ్రాయబడును, పరదేశపు పత్రికలో అచ్చగును, పరదేశపు పండితుడు చదివి మెచ్చును. ఇరువది మైళ్ల దూరమున కొలిమి నడుపుకొను చిన్న కార్ఖానాదారునకు మాత్రము దాని వాసనయైన తగులదు. అతడు తన పగుళ్లకు కారణమును ఎవరి నడుగవలయునో యెఱుగడు. వీరు తమ ప్రయోగమున కొక కొలిమి కావలసినపుడు అతని నెఱుగరు. పండితుని మరుగు భాష, కార్ఖానాదారుని మరుగు పాకము, రెండును మైసెను కోటగోడలే. విజయములను ప్రకటించుట సులభము. విఫలమైన కాల్పులను ప్రకటించుట గొప్పతనము. పదిమంది ఒకే గోతిలో పడకుండుటకు మొదటివాడు కేక వేయవలయును గదా!

ఇక మఱచిపోరాని మాట యొకటి. ఈ విద్య యంతయు ధూళితో ప్రారంభమగును. రాతిని పొడిచేయు కూలివాని ఊపిరితిత్తులలో ఆ సిలికా ధూళి కూరుకొని, ప్రాణమును నులిమివేయు రోగమునకు సిలికోసిస్ అని పేరు. దానికి మందు లేదు. నివారణ యొక్కటియే గతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టముననే దానిని అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో జేర్చిరి. చట్టము పుస్తకమున నుండుట వేఱు, కూలివాని ముఖమునకు ముసుగును, పొడిమరకు నీటితుంపరయు నుండుట వేఱు. న్యాయవాదవృత్తిలో నున్న మేము పట్టికలను చాల చూచితిమి. ఊపిరి తిరిగి వచ్చిన వానిని మాత్రము చూడలేదు. తీరమున వలలారబెట్టుకొను బెస్తవారి పల్లెలను కదలించి ఇసుక తీసి, ఆ పల్లెబిడ్డకు ప్రయోగశాల ద్వారము చూపకపోయిన, అది అభివృద్ధి యనిపించుకొనదు. సిరామిక్కు శాస్త్రపు సంఘమున పండితునకెంత స్థానమో, పొడి దంచువానికిని, కొలిమి కాచువానికిని అంత స్థానముండవలయును. కొలిమి రంగు చూచి వేడిమి చెప్పగల ముదుసలి పనివాని అనుభవము ఏ గ్రంథమునకును తీసిపోదు.

కావున మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. ఒకటి: తీరమున ఇసుక తీయుటకు ఒడంబడిక జరిగిన ప్రతి చోటను, దానిని శుద్ధమైన పొడిగను, వస్తువుగను ఈ దేశముననే మార్చు షరతు దస్తావేజులో నుండవలయును, షరతు తప్పిన యొడంబడిక రద్దు కావలయును. రెండు: విశాఖపట్టణమునను, హైదరాబాదునను చిన్న కార్ఖానాలవారు స్వల్ప రుసుముతో వాడుకొనదగిన సార్వజనిక కొలుములును, పరీక్షాశాలలును తెఱువవలయును, అచట కొలత అందఱకును ఒక్కటియై యుండవలయును. మూడు: ప్రజాధనముచే జరిగిన ప్రతి పరిశోధనకును తెలుగున సంగ్రహము వెలువడవలయును, గ్రంథాలయములకు అది ఉచితముగా చేరవలయును. నాలుగు: విఫలప్రయోగముల లెక్కయు సంఘపు వార్షికసభలలో చదువవలయును. అయిదు: రైళ్లు, విద్యుత్తు, వైద్యశాలలు మొదలగు ప్రభుత్వశాఖలు మన దేశమున తయారై పరీక్షకు నిలిచిన సిరామిక్కులను కొన్ని యేండ్లైనను నిలుకడగా కొనవలయును, కొనువాడు లేని కొలిమి పదిదినములైన మండదు. ఆఱు: ధూళి నణచు ఏర్పాటు లేని కార్ఖానాకు పై సదుపాయములలో ఒకటియు దక్కరాదు.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. ఇందులో ఏ యొక్కటియు లోకమున వేఱొకచోట జరుగనిది లేదు. ప్రభుత్వమే అంతయు చేయవలయునని చేతులు ముడుచుకొని కూర్చుండుటయు మా మతము కాదు. పఠనమందిరములవారు నెలకొక సాయంకాలము సమీపపు కళాశాలనుండి రసాయనశాస్త్ర మెఱిగిన యుపాధ్యాయుని పిలిపించి ఈ విషయమున ఉపన్యాస మిప్పింపవచ్చును. వర్తకసంఘములవారు ఇరువురు ముగ్గురు విద్యార్థులకు ఈ శాస్త్రము చదువుటకు వేతన మీయవచ్చును. శాసనసభ్యులు ఓటడుగ వచ్చినపుడు, ఇసుక ఎచటికి పోవుచున్నదని యడుగుటతో ఆపక, ఇసుకనుండి ఇచట ఏమి తయారగుచున్నదని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేని ప్రతినిధి తన బాధ్యతను సగమే యెఱిగినవాడు.

పచ్చికుండకు నీరు పోసిన కరగిపోవును. కాలిన కుండ నీటిని చల్లబఱచి దాహము తీర్చును. రెండింటను మన్ను ఒక్కటియే. నడుమ నున్నది నిప్పు. మన దేశమునకు మన్ను భగవంతుడిచ్చెను. నిప్పు పరిశోధన, దానిని రాజవేయుట మన పని. నెల్లూరు అభ్రకము పోయినది; దానికై వగచి ప్రయోజనము లేదు. ఇసుక యింకను మన తీరముననే యున్నది, పండితుడు మన యూరనే యున్నాడు, పనివాడు పని నడుగుచునే యున్నాడు. ఈ మువ్వురిని ఒక్క కొలిమి చుట్టు చేర్చజాలనిచో, రేపటి తరము మనపై తెచ్చు వ్యాజ్యమున మనకు వకాల్తా పుచ్చుకొను న్యాయవాది దొరకడు.